సూదికి ముందు పది నిమిషాలు

గర్భిణి చేతికి వచ్చే కాగితాల్లో బిడ్డకు డౌన్ సిండ్రోమ్ ఉందేమోనని చూసే డబుల్ మార్కర్ రక్తపరీక్ష రిపోర్టంత అన్యాయమైనది ఇంకోటి లేదు. హిమోగ్లోబిన్ తొమ్మిది అంటే రక్తం తక్కువని ఎవరికైనా తెలుస్తుంది. షుగర్ ఎక్కువంటే స్వీట్లు మానాలని తెలుస్తుంది. ఇందులో మాత్రం పైన ఒక గ్రాఫు, కింద ఎర్ర అక్షరాల్లో ‘హై రిస్క్’, దాని పక్కన 1:180 అని ఒక అంకె. డాక్టరు దగ్గరికి చేరేలోపే కవరు తెరుచుకుంటుంది. భర్త ఫోన్‌లో వెతుకుతాడు. అత్తగారు ఏమైందని అడిగితే ఎవరూ సరిగా చెప్పరు. మర్నాడు ఓపీకి వచ్చేసరికి ఆ అమ్మాయి రాత్రంతా నిద్రపోలేదని ముఖమే చెబుతుంది.

“సిస్టర్, బిడ్డకు బుర్ర ఎదగదంట కదా?”

ఆ పూట డ్యూటీలో ఉన్న స్టాఫ్ నర్సే దీనికి జవాబు చెప్పాలి. ఎంత ఓపికగా చెప్పినా సగమే లోపలికి వెళ్తుంది, ఎందుకంటే భయం అప్పటికే ఇల్లంతా తిరిగొచ్చింది. ఈ మాటలు చెప్పాల్సిన రోజు ఇది కాదు. రక్తం తీయడానికి చేయి చాపమన్న రోజే చెప్పాల్సింది. పరీక్షకు ముందు పది నిమిషాలు మాట్లాడిన నర్సుకు, రిపోర్టు వచ్చాక గంట సేపు ఓదార్చాల్సిన అవసరం చాలాసార్లు రాదు.

జెనెటిక్ కౌన్సెలర్లు ఉన్న ఆసుపత్రులు దాదాపు అన్నీ పెద్ద నగరాల్లోనే ఉన్నాయి. జిల్లా ఆసుపత్రిలో ఆ కుర్చీయే ఉండదు, ఆ పని నర్సు మీద పడుతుంది. యంత్రాలు మాత్రం ముందే వచ్చేశాయి. 2022 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం 44 ఆసుపత్రుల్లో బిడ్డ అవయవాలను వివరంగా చూసే 56 టిఫా స్కానింగ్ యంత్రాలను ఒకేసారి ప్రారంభించింది. ప్రైవేటు స్కానింగ్ కేంద్రాలైతే మండల కేంద్రాల దాకా పాకాయి. తెర మీద కనిపించినదాన్ని విడమరిచి చెప్పే మనుషులను అంత వేగంగా తయారుచేయలేదు.

మూడు బస్సుల లెక్క

1:180 అంటే సుమారు 0.56 శాతం. ఈ శాతం చెబితే ఏ గర్భిణికీ ఏమీ తెలియదు. చాలామంది చదువుకున్నవాళ్లకీ తెలియదు. అదే నర్సు ఇలా చెప్పిందనుకుందాం: “ఇలాంటి రిపోర్టే వచ్చిన 180 మంది గర్భిణులను మూడు ఆర్టీసీ బస్సుల్లో కూర్చోబెట్టామనుకోండమ్మా. మూడు బస్సుల్లోనూ కలిపి ఒక్కరి బిడ్డకు డౌన్ సిండ్రోమ్ ఉంటుంది. మిగతా 179 మంది బిడ్డలకు ఉండదు.” ఊపిరి తీసుకునే వీలు ఇక్కడ దొరుకుతుంది. వెంటనే రెండో మాట కూడా రావాలి, లేకపోతే “అయితే నాకేం లేదన్నమాట” అని ఇంటికెళ్లిపోతుంది. “ఆ ఒక్కరు మీరు కాదని కూడా ఈ కాగితం చెప్పట్లేదు. అది తేల్చడానికే ఇంకో పరీక్ష ఉంది.”

ఇక్కడే అసలు తేడా చెప్పాలి. డబుల్ మార్కర్, ఎన్‌టీ స్కాన్, క్వాడ్రపుల్ టెస్టు, వీటి తర్వాత వచ్చిన ఎన్‌ఐపీటీ, ఇవన్నీ అనుమానం ఎంతో చెప్పే పరీక్షలు. ఉందో లేదో తేల్చి చెప్పేవి రెండే: మాయ నుంచి చిన్న ముక్క తీసే సీవీఎస్, ఉమ్మనీరు తీసే ఆమ్నియోసెంటెసిస్. మొదటి రకంలో తల్లికి, బిడ్డకు ప్రమాదమేమీ లేదు, కానీ తీర్పూ లేదు. రెండో రకంలో తీర్పు ఉంది, కొద్దిపాటి ప్రమాదమూ ఉంది. ఈ నాలుగు వాక్యాలు రక్తం తీసేముందు చెప్పేస్తే, తర్వాత ‘పాజిటివ్’ అన్న మాట విన్నప్పుడు గుండె ఆగినంత పని కాదు.

ఎన్‌టీ స్కాన్‌ను, డబుల్ మార్కర్‌ను కలిపి చూసే పద్ధతి డౌన్ సిండ్రోమ్ ఉన్న ప్రతి 100 మంది పిల్లల్లో 85 నుంచి 90 మందిని అనుమానించగలదు. ఏ ఇబ్బందీ లేని బిడ్డను మోస్తున్న 100 మందిలో సుమారు ఐదుగురికి కూడా ‘హై రిస్క్’ అని రాసిస్తుంది. అంటే ‘లో రిస్క్’ అని వచ్చినా పూర్తి హామీ కాదు. ఇది చెప్పడానికి చాలామంది నర్సులు జంకుతారు. మంచి రిపోర్టు వచ్చినప్పుడు లేనిపోని అనుమానం ఎందుకని. కానీ ఆ తర్వాత టిఫా స్కాన్‌లో ఏదైనా కనిపిస్తే ఆ కుటుంబం ఆసుపత్రినే నమ్మడం మానేస్తుంది.

ఎన్‌ఐపీటీ విషయంలో ఈ గందరగోళం ఇంకా ఎక్కువ, ఎందుకంటే దాని ప్రకటనలో 99 శాతం అని ఉంటుంది. తల్లి రక్తంలో బిడ్డ డీఎన్‌ఏ ముక్కలు తిరుగుతుంటాయని హాంకాంగ్ శాస్త్రవేత్త డెనిస్ లో, ఆయన సహచరులు 1997లో ప్రకటించారు. 2011 నుంచి అది పరీక్షగా అందుబాటులోకి వచ్చింది. పదో వారం నుంచే చేయొచ్చు. మన దగ్గర ప్రైవేటు ల్యాబుల్లో వేల రూపాయల ఖర్చు. మంచి పరీక్షే, అనుమానం లేదు. కానీ ఆ డీఎన్‌ఏ ఎక్కువగా వచ్చేది మాయ నుంచి, నేరుగా బిడ్డ నుంచి కాదు. పైగా లెక్క చూడండి. పాతికేళ్ల వయసు గర్భిణులు పది వేల మంది ఈ పరీక్ష చేయించుకున్నారనుకుందాం. గుండ్రంగా వేసుకుంటే వారిలో పది మంది బిడ్డలకు డౌన్ సిండ్రోమ్ ఉంటుంది. పరీక్ష ఆ పది మందినీ దాదాపుగా పట్టేస్తుంది. మిగతా 9,990 మందిలో వెయ్యికి ఒక్కరి చొప్పున తప్పుగా చూపించినా ఇంకో పది మంది చేరతారు. అంటే భయపెట్టే రిపోర్టులు ఇరవై, వాటిలో సగం ఉత్తవి. అదే నలభై ఏళ్ల వాళ్లయితే పది వేలలో దాదాపు వంద మందికి నిజంగా ఉంటుంది, తప్పులు మాత్రం అదే పది. ఒకే పరీక్ష, ఒకే 99 శాతం, కానీ వయసును బట్టి కాగితం విలువ మారిపోతుంది. అందుకే ఎన్‌ఐపీటీ రిపోర్టు ఒక్కటే చూసుకుని గర్భం విషయంలో ఏ నిర్ణయమూ తీసుకోకూడదని ముందే చెప్పాలి.

నెలల లెక్క, వారాల లెక్క

ఊళ్లలో గర్భాన్ని వారాల్లో ఎవరూ లెక్కపెట్టరు. “మూడు వెళ్లి నాలుగు నడుస్తోంది” అంటారు. డాక్టరు కేసు షీటులో మాత్రం 12 వారాల 3 రోజులు అని ఉంటుంది. ఈ రెండు లెక్కల మధ్య సందులో పడి ఎన్ని పరీక్షలు తప్పిపోతాయో చెప్పలేం. ఎన్‌టీ స్కాన్‌కు 11 వారాల నుంచి 13 వారాల 6 రోజుల వరకే వీలు. బిడ్డ తల నుంచి పిరుదుల దాకా పొడవు 45 నుంచి 84 మిల్లీమీటర్ల మధ్య ఉన్నప్పుడే మెడ వెనక నీటి పొర మందాన్ని నమ్మకంగా కొలవగలరు. “నాలుగో నెలలో రండి” అని చెప్పి పంపితే, ఆమె లెక్కలో నాలుగో నెల వచ్చేసరికి ఆ అవకాశం దాటిపోతుంది. ఎన్‌ఐపీటీ ఖర్చు భరించలేకపోతే అప్పుడిక 15 వారాల తర్వాత చేసే క్వాడ్రపుల్ టెస్టే దిక్కు.

కాబట్టి నెల చెప్పకూడదు. తేదీ రాయాలి, వారం పేరుతో సహా, ఆమె దగ్గరుండే మాతాశిశు కార్డు మీదే. చివరి నెలసరి తేదీ గుర్తులేదన్నప్పుడు అనుభవమున్న ఏఎన్ఎంలు విసుక్కోరు. “బోనాలకు ముందా, తర్వాతా? రాఖీ పున్నానికి పుట్టింటికి వెళ్లినప్పుడు స్నానమైందా?” అని పండగలు పట్టుకుని వెనక్కి వెళ్తారు. పండగ దొరికితే క్యాలెండరులో వారం దొరుకుతుంది, తొలి స్కాన్ దాన్ని సరిచూస్తుంది.

సీవీఎస్ 11 నుంచి 14 వారాల మధ్య చేస్తారు. ఆమ్నియో 15 వారాలు నిండాకే. టిఫా స్కాన్ 18 నుంచి 20 వారాలకు అయితే మంచిది, 22 దాటనివ్వకూడదు. ఉమ్మనీటిలోని కణాలను పెంచి క్రోమోజోములన్నీ చూసే కార్యోటైప్ ఫలితానికి రెండు మూడు వారాలు పడుతుంది. ముఖ్యమైన నాలుగైదు క్రోమోజోములకు మాత్రం రెండు మూడు రోజుల్లో ప్రాథమిక ఫలితం ఇచ్చే పద్ధతులున్నాయి. వీటి వెనక చట్టం గడియారం కూడా నడుస్తుంటుంది. 2021లో సవరించిన గర్భస్రావ చట్టం ప్రకారం 20 వారాల వరకు ఒక డాక్టరు అభిప్రాయం చాలు, 20 నుంచి 24 వారాల మధ్య కొన్ని వర్గాల మహిళలకు ఇద్దరు డాక్టర్లు చెప్పాలి. బిడ్డలో తీవ్రమైన లోపం ఉందని మెడికల్ బోర్డు తేలిస్తే ఆ పైన వారాల పరిమితి లేదు. అర్జీ అందిన మూడు రోజుల్లో బోర్డు అభిప్రాయం చెప్పాలని నిబంధనలు అంటున్నాయి. చదవడానికి బాగుంది. మారుమూల తండా నుంచి నగరానికి బస్సెక్కి రావాల్సిన మనిషికి ఆ మూడు రోజులు ఎన్ని రోజులవుతాయో నర్సుకు తెలుసు. అందుకే టిఫా తేదీ దాటిపోకుండా చూసుకోవడం అన్నిటికన్నా ముఖ్యం.

టైమ్ ఉంటే మేలు గర్భం వద్దనుకునేవారికి మాత్రమే కాదు. బిడ్డ గుండెలో లోపం ఉందని ఇరవయ్యో వారంలో తెలిస్తే, పిల్లల గుండె వైద్యులున్న ఆసుపత్రిలో కాన్పు ఏర్పాటు చేసుకోవచ్చు. చాలామంది అత్తగార్లకు ఈ మాట ఒక్కటే ఎక్కుతుంది: “లోపం ఉంటే తీసేయడానికే కాదు పెద్దమ్మా, ముందే సిద్ధంగా ఉండడానికి కూడా స్కాన్ పనికొస్తుంది.”

ఒంటరిగా అడగాల్సిన ప్రశ్న

పది నిమిషాల్లో ఏడెనిమిది సమాచారానికే పోతాయి. మిగిలిన రెండింటిలో ఒక ప్రశ్న వేయాలి: “రిపోర్టు తేడాగా వస్తే ఏం చేద్దామనుకుంటున్నారు?” దీనికి ఆ క్షణంలో జవాబు రాకపోవచ్చు, రానక్కర్లేదు కూడా. ఆ ఆలోచనే లేకుండా పరీక్ష చేయించుకున్నవాళ్లు రిపోర్టు చేతికొచ్చాక తొలిసారి ఆలోచించాల్సి వస్తుంది. అంతకన్నా కష్టం లేదు. “ఏదైనా సరే, నేను కనాలనే అనుకుంటున్నా, నాకు సూది పరీక్ష వద్దు” అనే హక్కూ ఆమెకుంది. అలా అన్నవాళ్లను కసరకుండా, కేసు షీటులో ‘వివరించాం, వద్దన్నారు’ అని రాసుకుని, టిఫా తేదీ చెప్పి పంపాలి.

అయితే ఈ ప్రశ్న అందరి ముందు అడిగితే జవాబు అత్తగారిదో, భర్తదో అవుతుంది. తెలివైన నర్సులు దీనికి గొడవ పడకుండా దారి వెతుక్కున్నారు. “పెద్దమ్మా, మీరిక్కడ ఫ్యాను కింద కూర్చోండి. బరువు, బీపీ చూసి పిలుస్తా” అని లోపలి గదికి తీసుకెళ్తారు. తలుపు దగ్గరగా వేసిన ఆ మూడు నిమిషాల్లో అసలు సంగతులు బయటపడతాయి. అంతకుముందు ఒక గర్భం పోయిందని, మరిదికి చిన్నప్పటి నుంచీ రక్తం ఎక్కిస్తున్నారని, భర్త వరసకు బావే అని. మేనరికాలు ఇంకా బాగా నడుస్తున్న తెలుగు నేల మీద ఈ చివరి మాట చాలా విలువైనది. ఏ చుట్టరికమూ లేని జంటకు పుట్టే పిల్లల్లో నూటికి రెండు మూడు కాన్పుల్లో ఏదో ఒక లోపం కనిపిస్తుంది. దగ్గరి మేనరికంలో అది దాదాపు రెట్టింపవుతుంది. ఈ అంకె చెప్పేటప్పుడు ‘తప్పు చేశారు’ అన్న ధ్వని రాకూడదు. పెళ్లి అయిపోయింది, ఇప్పుడు కావలసింది కుటుంబంలో ఎవరికి ఏముందో రాసుకోవడం.

ఇక ప్రతి నర్సూ ఎదుర్కొనే మాట ఒకటుంది. “మీరైతే ఏం చేసేవారు సిస్టర్?”

జెనెటిక్ కౌన్సెలింగ్ అనే పేరును 1947లో అమెరికా శాస్త్రవేత్త షెల్డన్ రీడ్ పెట్టాడు. సమాచారం పూర్తిగా ఇవ్వాలి, నిర్ణయం మాత్రం ఆ కుటుంబానికే వదలాలి అన్నది ఆ వృత్తిలో స్థిరపడిన సూత్రం. “నేనైతే తీసేయించుకుంటా” అన్నా, “దేవుడిచ్చిన బిడ్డను వద్దనకూడదు” అన్నా ఆమె తరఫున నర్సే నిర్ణయించేసినట్టు. అలాగని “మీ ఇష్టం అమ్మా” అని మొహం తిప్పుకోవడం ఇంకా అన్యాయం. ఈ ‘మీ ఇష్టం’ మాటను చాలా ఆసుపత్రుల్లో గౌరవంగా పొరబడతారు, నిజానికి అది తప్పించుకోవడం. “నా ఇల్లు వేరు, మీ ఇల్లు వేరమ్మా. మీకు దేని గురించి ఎక్కువ భయంగా ఉందో చెప్పండి, అక్కడి నుంచి మాట్లాడుకుందాం” అంటే ఆమె మాట్లాడుతుంది. ఒకరికి ఖర్చు భయం, ఇంకొకరికి తాము పోయాక బిడ్డను ఎవరు చూస్తారని, మరొకరికి సూది భయం. భయాన్ని బట్టి చెప్పాల్సిన సంగతి మారుతుంది.

చెప్పడం అయ్యాక “అర్థమైందా?” అని అడగడం దండగ. అందరూ తలూపుతారు. “నేను సరిగా చెప్పానో లేదో నాకు తెలియాలి. ఇంటికెళ్లాక మీ ఆయనకు ఏం చెబుతారో ఒకసారి చెప్పండి” అని అడిగితే, ఎక్కడ తప్పిందో అక్కడే దొరికిపోతుంది. పరీక్షలా కాకుండా, తప్పు తనదేమో అన్నట్టు నర్సు అడగడంలోనే దీని నేర్పంతా ఉంది.

సూది

ఆమ్నియో అనగానే గర్భిణి మనసులో మెదిలే బొమ్మ ఒక్కటే: పొడవాటి సూది బిడ్డకు గుచ్చుకోవడం. అడగరు, కానీ అదే ఆలోచన. కాబట్టి నర్సు అడిగించుకోకుండానే చెప్పాలి. స్కానింగ్ తెర మీద బిడ్డ ఎక్కడుందో, మాయ ఎక్కడుందో చూస్తూ, నీరు ఎక్కువగా ఉన్న చోటికే సన్నని సూది పంపుతారు. తీసేది 15 నుంచి 20 మిల్లీలీటర్లు, అంటే మూడు నాలుగు చెంచాలు. 16 వారాలకు ఉమ్మనీరు సుమారు 200 మిల్లీలీటర్లుంటుంది, తీసినంత నీరు మళ్లీ ఊరుతుంది. రంగు లేత పసుపు. సిరంజిలో అది చూసి ‘మూత్రమా?’ అని కంగారుపడేవాళ్లుంటారు, ముందే చెబితే కంగారుండదు. చర్మం దగ్గర చురుక్కుమంటుంది, గర్భసంచి దగ్గర ఒక్కసారి పట్టేసినట్టు ఉంటుంది. సూది లోపల ఉండేది ఒకటి రెండు నిమిషాలే. ఆ నిమిషాల్లో నర్సు ట్రే దగ్గర కాకుండా ఆమె తల దగ్గర నిలబడితే మంచిది. ట్రే అందించడానికి ఇంకొకరు దొరుకుతారు.

గర్భం పోయే ప్రమాదం గురించి దాచకూడదు. పాత పుస్తకాల్లో నూటికి ఒకటి అని ఉండేది. అనుభవమున్నవాళ్లు చేస్తే ఇప్పుడు రెండు వందలకు ఒకటి కన్నా తక్కువని బ్రిటన్ ప్రసూతి వైద్యుల కళాశాల మార్గదర్శకాలు చెబుతున్నాయి. దీన్ని కూడా బస్సుల లెక్కలోనే చెప్పొచ్చు. ఏ పరీక్షా చేయించుకోకపోయినా ఆ నెలల్లో కొన్ని గర్భాలు పోతాయని కూడా చెప్పాలి, లేకపోతే ఏం జరిగినా నింద సూది మీదకే వెళ్తుంది.

సూదికి ముందు తప్పక చూడాల్సింది రక్తం గ్రూపు. తల్లిది ఆర్‌హెచ్ నెగెటివ్ అయితే పరీక్ష తర్వాత 72 గంటల్లోపు యాంటీ-డి ఇంజెక్షన్ పడాలి. హెచ్‌ఐవీ, హెపటైటిస్-బి ఫలితాలు ఫైలులో ఉన్నాయో లేదో చూసుకోవాలి. ఇంటికి పంపేటప్పుడు ఒకటి రెండు రోజులు బరువులు ఎత్తొద్దని, భార్యాభర్తలు దూరంగా ఉండాలని చెబుతారు. వారాల తరబడి మంచం దిగొద్దని చెప్పక్కర్లేదు. కొద్దిగా నొప్పి మామూలే. నీరు కారినా, రక్తం కనిపించినా, చలిజ్వరం వచ్చినా, నొప్పి తగ్గకుండా పెరుగుతున్నా తెల్లారేదాకా ఆగకుండా రమ్మనాలి. ఎక్కడికి రావాలో, రాత్రిపూట ఏ నంబరుకు చేయాలో కాగితం మీద తెలుగులో రాసివ్వాలి.

సంతకం సంగతి. సూది పరీక్షకు చట్టం నిర్దేశించిన సమ్మతి పత్రం ఫారం-జి. దాన్ని ఆమెకు అర్థమయ్యే భాషలోనే తీసుకోవాలి. దుష్ప్రభావాలన్నీ ముందు వివరించాలి. సంతకం చేసిన పత్రం నకలు ఆమెకు ఇవ్వాలి. ఇంగ్లీషు ఫారం మీద వేలు పెట్టి “ఇక్కడ సైన్ చేయమ్మా” అనడం మర్యాద లోపం మాత్రమే కాదు, చట్టం ఉల్లంఘన.

“బాబా, పాపా?”

ఈ ప్రశ్నకు ఒక చరిత్ర ఉంది. 1970ల మధ్యలో ఢిల్లీ ఎయిమ్స్‌లో జన్యులోపాలు కనిపెట్టడానికి మొదలైన ఆమ్నియో పరీక్ష, కొద్ది కాలంలోనే ఆడపిల్లను గుర్తించి వదిలించుకునే పనిముట్టుగా మారిపోయింది. మహారాష్ట్ర 1988లో మొదట చట్టం తెచ్చింది. దేశమంతటికీ 1994లో చట్టం వచ్చింది, 2003 సవరణతో అది ఇప్పుడున్న పీసీపీఎన్‌డీటీ చట్టమైంది. మాటతో కానీ సైగతో కానీ మరే విధంగా కానీ బిడ్డ లింగం ఎవరూ చెప్పకూడదు. ‘ఎవరూ’ అంటే నర్సు, ఆయా, ల్యాబు టెక్నీషియన్ అందరూ. మొదటి నేరానికి మూడేళ్ల వరకు జైలు, పది వేల వరకు జరిమానా.

క్రోమోజోముల పరీక్షలో లింగం ఎలాగూ తెలుస్తుంది కాబట్టి నర్సు మీద ఒత్తిడి ఇక్కడ ఇంకా ఎక్కువ. “ఊరికే, బట్టలు కొనడానికి” అని నవ్వుతూ అడుగుతారు, ఐదు వందల నోటు మడిచి జేబులో పెట్టబోతారు. నవ్వుతూనే ముగించాలి: “ఈ పరీక్ష బిడ్డ ఆరోగ్యం కోసం. ఆ సంగతి ఈ రిపోర్టులో రాయరు, నేనూ చెప్పను.” అడిగింది భర్తా, అత్తగారా, ఆమే స్వయంగానా అన్నది మాత్రం గమనించుకోవాలి. ఇంట్లో ఆమె మీద ఏ ఒత్తిడి ఉందో అక్కడ తెలుస్తుంది.

ఎదురుచూసే వారాలు, ఆ తర్వాత

ఆమ్నియో ఫలితం కోసం ఎదురుచూసే ఆడవాళ్లు కడుపులో బిడ్డ ఉన్నట్టు తమకు తామే ఒప్పుకోరని అమెరికన్ సామాజికవేత్త బార్బరా కాట్జ్ రాత్‌మన్ 1986లో ఒక పుస్తకమే రాసింది. కదలికలు తెలుస్తున్నా పట్టించుకోనట్టు ఉండడం, ఎవరికీ చెప్పకపోవడం, వాయిదా వేసుకున్నట్టు బతకడం. మన దగ్గరా అంతే, సీమంతం ముహూర్తం గురించి ఇంట్లో మాట వస్తే ఆమె మాట మార్చేస్తుంది. రిపోర్టు ఎన్నాళ్లకు వస్తుందో, ఎవరు ఫోన్ చేస్తారో, ఆమెకే చేయాలా భర్తకు చేయాలా అన్నది సూది రోజే తేల్చుకోవాలి. “ఫలానా రోజుకు ఫోన్ రాకపోతే మీరే చేయండి, విసిగించినట్టు కాదు” అని చెప్పాలి.

చెడు వార్త అయితే వరండాలో నిలబెట్టి చెప్పకూడదు, వాట్సాప్‌లో రిపోర్టు పడేయకూడదు. కూర్చోబెట్టి డాక్టరు చెప్పాక, డాక్టరు వెళ్లిపోయాక, నర్సు అక్కడే ఉండాలి. మొదట వచ్చే మాట దాదాపు ఎప్పుడూ ఒకటే: “నేనేం చేశాను?” డౌన్ సిండ్రోమ్‌కు కారణం 21వ క్రోమోజోము ఒకటి అదనంగా ఉండడమని ఫ్రాన్స్ వైద్యుడు జెరోమ్ లెజ్యూన్, ఆయన సహచరులు 1959లో చూపించారు. చాలావరకు అండం తయారయ్యేటప్పుడు జరిగే పొరపాటు అది. ఆమె తిన్న బొప్పాయి వల్ల రాలేదు, ఎత్తిన బిందె వల్ల రాలేదు. టిఫాలో పెదవి చీలిక కనిపిస్తే గ్రహణం రోజు బయటికి వెళ్లావని తల్లిని ఇంటిల్లిపాదీ దెప్పుతారు. గ్రహణానికీ దీనికీ సంబంధం లేదని, పుట్టిన కొద్ది నెలల్లోనే ఆపరేషన్‌తో పెదవి కలుపుతారని, ఉచితంగా చేసే ఆసుపత్రులూ ఉన్నాయని ఆ దెప్పేవాళ్ల ఎదుటే చెప్పాలి.

డౌన్ సిండ్రోమ్ గురించి చెప్పేటప్పుడు రెండు వైపులా చెప్పాలి. దాదాపు సగం మందికి గుండెలో లోపం ఉంటుంది. మాటలు, చదువు ఆలస్యమవుతాయి. అలాగే బడికి వెళ్లేవాళ్లున్నారు, పనులు నేర్చుకుని చేసుకునేవాళ్లున్నారు. ఒక్క వైపే చెబితే అది సలహా అయిపోతుంది.

గర్భం వద్దనుకుంటే, మేజర్ అయిన మహిళ విషయంలో చట్టానికి ఆమె సమ్మతి ఒక్కటే చాలు. ఆ తర్వాతి సంగతి ఒకటి ఎవరూ చెప్పరు. ఐదో నెలలో గర్భం పోయినా రెండు మూడు రోజులకు రొమ్ముల్లో పాలు పడతాయి. బిడ్డ లేని ఇంట్లో తడిసిన జాకెట్టు చూసుకుని ఏడ్చేదాకా ఆమెకు ఆ సంగతి తెలియదు. డిశ్చార్జి రోజే చెప్పి, సరిగ్గా అమరి ఆసరా ఇచ్చే లోదుస్తులు వేసుకోమని, అవసరమైతే పాలు ఆపే మందు గురించి డాక్టరును అడగమని చెప్పాలి. “మళ్లీ కనొచ్చులే” అనే ఓదార్పు ఎవరు అన్నా సరే, నర్సు మాత్రం అనకూడదు.

తలసేమియా దారి

ఈ మొత్తం క్రమం చక్కగా పనిచేసే చోటు చూడాలంటే తల్లిదండ్రుల నుంచి బిడ్డకు వచ్చే రక్తపు జబ్బు తలసేమియా దగ్గర చూడాలి. ఇక్కడ పరీక్ష సూదితో కాకుండా మామూలు రక్తపరీక్ష సీబీపీతో మొదలవుతుంది. ఎర్ర రక్తకణాలు మరీ చిన్నగా ఉన్నాయని, ఎంసీవీ 80 కన్నా తక్కువని రిపోర్టులో ఉంటే, ఐరన్ మాత్రలు రాసి ఊరుకోకుండా హిమోగ్లోబిన్ రకాలను కొలిచే హెచ్‌బీఏ2 పరీక్ష చేయించాలి. అది 3.5 శాతం దాటితే ఆమె క్యారియర్ అయి ఉండొచ్చు. ఐరన్ బాగా తగ్గినప్పుడు ఈ అంకె కూడా తగ్గి దొంగాట ఆడుతుందని గుర్తుంచుకోవాలి. క్యారియర్ అంటే జబ్బు జన్యువును మోసే మనిషే, జబ్బు మనిషి కాదు, జీవితాంతం ఆరోగ్యంగా ఉంటుంది. ఈ మాట రెండుసార్లు చెప్పాలి, ఎందుకంటే ఇంటికెళ్లేసరికి అది ‘రక్తంలో క్యాన్సరంట’గా మారిపోతుంది.

ఆ తర్వాత భర్త రక్తం. అసలు పేచీ ఇక్కడే. “నాకేమైంది? నాకెందుకు?” అంటాడు. తగ్గించి అడగాల్సిన పని లేదు, లెక్క చెబితే చాలు: ఆయన క్యారియర్ కాకపోతే బిడ్డకు తలసేమియా మేజర్ రాదు, దీనికోసం ఆమెకు ఇంకే పరీక్షా అక్కర్లేదు. ఇద్దరూ క్యారియర్లయితే ప్రతి కాన్పుకూ నాలుగింట ఒక వంతు అవకాశం. మొదటి బిడ్డ బాగున్నంత మాత్రాన రెండో బిడ్డకు వాటా తగ్గదు. తలసేమియా మేజర్ ఉన్న బిడ్డకు రెండేళ్లలోపే రక్తం ఎక్కించడం మొదలవుతుంది. ఆ తర్వాత రెండు మూడు వారాలకోసారి, జీవితాంతం. దాంతో పాటు ఒంట్లో పేరుకునే ఇనుమును తీసే మందులు. హైదరాబాద్‌లో 1998లో మొదలైన తలసేమియా అండ్ సికిల్ సెల్ సొసైటీలో ఒక ఉదయం కూర్చుంటే, చేతికి సూదితోనే హోమ్‌వర్క్ చేసుకునే పిల్లలు కనిపిస్తారు. అక్కడి తల్లులకు రక్తం గ్రూపుల గురించి, ఇనుము మోతాదుల గురించి చాలామంది నర్సులకన్నా ఎక్కువ తెలుసు.

దంపతులిద్దరూ క్యారియర్లని తేలాక వాళ్ల జన్యువులో ఏ మార్పు ఉందో ముందు కనిపెట్టాలి, ఆ తర్వాతే సీవీఎస్ నమూనాలో అదే మార్పు కోసం వెతుకుతారు. హైదరాబాద్ నిమ్స్‌లోని మెడికల్ జెనెటిక్స్ విభాగం, సీడీఎఫ్‌డీ లాంటి చోట్ల ఈ పని జరుగుతుంది. దానికి రోజులు పడతాయి కాబట్టి మొదటి సీబీపీ ఎనిమిదో వారంలో చూసిన నర్సుకూ, పదహారో వారంలో చూసిన నర్సుకూ చాలా తేడా ఉంది. మన్యంలోనూ, ఆదిలాబాద్ వైపూ సికిల్ సెల్‌కు కూడా ఇదే దారి. 2023 జులైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం ఇచ్చే కార్డు గర్భిణి దగ్గర ఉంటే, ముందుగా అడిగి చూడాల్సింది అదే.

ఫైలు మూసేముందు ఇంకో ప్రశ్న మిగిలి ఉంటుంది: “మీకు అక్కచెల్లెళ్లు, అన్నదమ్ములు ఎంతమంది?” క్యారియర్ అని తేలిన మనిషి తోబుట్టువుల్లో ప్రతి ఒక్కరికీ కనీసం సగం అవకాశం ఉంటుంది. చెల్లెలికి మేనబావతో వచ్చే మాఘంలో పెళ్లి అనుకుంటున్నారని అప్పుడు తెలుస్తుంది. నర్సు ఇంకో చీటీ తీసి ఇద్దరి పేర్లూ రాసి, హెచ్‌బీఏ2 అని కింద గీత గీసి ఇస్తుంది.